ఆట ఎక్కడ ఆగుతుంది?

“ఈ ఆట మా పిల్లలు ఆడవచ్చా?” అని బంధుమిత్రులు మమ్మల్ని తరచుగా అడుగుతుంటారు. చదరంగం మొదలుకొని సెల్‌ఫోన్లోని వీడియో గేముల వరకు ఆటలన్నింటి మీద మాకున్న ఆసక్తి వారికి తెలుసు. అడిగేవారి అనుమానాలు దాదాపు ఒకే తీరుగా ఉంటాయి. అందులో తుపాకులున్నాయా? అసభ్య దృశ్యాలున్నాయా? డబ్బు పెట్టి ఆడాలా? ఈ ప్రశ్నలన్నీ అవసరమైనవే. ఆటలో ఏముందో తెలుసుకోకుండా దాన్ని పిల్లల చేతికివ్వడం తల్లిదండ్రులకు తగదు. అయితే ఏళ్ళ తరబడి ఆడుతూ, ఇతరులు ఆడుతుంటే గమనిస్తూ వచ్చిన మాకు మరొక ప్రశ్న వీటన్నింటికంటే ముందుగా అడగవలసినదని తోస్తోంది. ఆ ఆట ఎక్కడ ఆగుతుంది? దాన్ని ఆపే అధికారం ఎవరి చేతిలో ఉంది?

రంగురంగుల మిఠాయి బిళ్ళలను మూడేసి చొప్పున జతపరిచే ఫోన్ ఆటను తీసుకోండి. అందులో హింస లేదు, అసభ్యత లేదు. అయినా ఇషా నమాజు తర్వాత ‘ఒక్క ఐదు నిమిషాలు’ అనుకుని చేతిలోకి తీసుకున్న ఫోను అర్ధరాత్రి దాటినా దిగదు. చదరంగపు బల్ల మీద రెండు సైన్యాలు ఒకదాన్నొకటి చంపుకుంటాయి. కాని రాజు చిక్కుబడగానే ఆట ముగుస్తుంది, ఆటగాళ్ళు బల్ల మడిచి లేస్తారు. ఏముందో చూసి తీర్పు చెబితే మొదటిది మంచిది, రెండవది చెడ్డది కావాలి. ఇంటి అనుభవం అలా చెప్పడం లేదు.

ఆటపాటల పట్ల ఇస్లాం ముఖం చిట్లించలేదన్న సంగతి పాఠకులకు తెలిసినదే. పండుగనాడు హబషీలు మస్జిదు ఆవరణలో ఈటెలతో విన్యాసాలు చేస్తుంటే హజ్రత్ ఆయిషా (రజి) తనివితీరా చూసేవరకు దైవప్రవక్త (స) ఆమె కోసం నిలబడి ఉన్నారు. ఆయన ఆమెతో పరుగు పందెం వేశారనీ, మొదటిసారి ఆమె గెలిచారనీ, తర్వాత ఒకసారి ఆయన గెలిచారనీ హదీసు గ్రంథాలు చెబుతున్నాయి. ఈ ఉదంతాలు రెండింటిలోనూ ఆడేవారికీ చూసేవారికీ ఆనందం ఉంది, ఆ ఆనందానికొక హద్దూ ఉంది. పరుగుకు గమ్యం ఉంటుంది. చూసి తనివితీరాక ఇంట్లోకి వెళ్ళిపోవచ్చు.

చదరంగం నేర్పిన షరతు

మన దేశంలో ‘చతురంగం’గా పుట్టిన ఆట పారశీకానికి వెళ్ళి ‘చత్రంగ్’ అయింది. ముస్లిములు పారశీకాన్ని జయించిన తర్వాత అరబ్బుల నోట ‘షత్రంజ్’గా మారింది. అక్కడినుంచి స్పెయిన్, సిసిలీల మీదుగా ఐరోపా చేరింది. ఇప్పటికీ ప్రపంచమంతా వాడే ‘చెక్‌మేట్’ అనే మాటలో ‘షా మాత్’ దాగి ఉంది. రాజు ఇక నిస్సహాయుడు అని దాని భావం. మంత్రి ఆనాడు మూలగా ఒక్క గడి మాత్రమే కదిలేవాడు. బల్ల ఈ చివరినుంచి ఆ చివరికి దూసుకుపోయే బలం అతనికి ఐరోపాలో, పదిహేనవ శతాబ్దం చివరలో వచ్చింది.

అబ్బాసీల కాలంలో ఈ ఆట మీద గ్రంథాలే వెలువడ్డాయి. తొమ్మిదవ శతాబ్దంలో అల్ అద్లీ, పదవ శతాబ్దంలో అబూబక్ర్ అస్సూలీ ఆ కాలపు మేటి ఆటగాళ్ళు. అస్సూలీ కూర్చిన ఒక చిక్కు సమస్య దాదాపు వెయ్యేళ్ళపాటు ఎవరికీ కొరుకుడు పడలేదు. 1980లలో రష్యన్ గ్రాండ్‌మాస్టర్ యూరీ అవెర్బాఖ్ దాని ముడి విప్పాడు.

మరి ధర్మవేత్తలు ఈ ఆటను ఎలా చూశారు? వారిలో ఏకాభిప్రాయం లేదు. అనేకులు దీన్ని నిషిద్ధమన్నారు. షాఫయీ మజ్‌హబ్ వారు దీన్ని మక్రూహ్‌గా ఎంచారే గాని హరామ్ అనలేదు. ఎవరి మార్గం వారు అనుసరిస్తారు. మా దృష్టిని ఆకర్షించింది, అనుమతించినవారు పెట్టిన షరతులు. పందెం ఉండకూడదు. నోట దుర్భాష రాకూడదు. అన్నింటికీ మించి నమాజు వేళ తప్పకూడదు. ఆ పెద్దలు కొయ్య బొమ్మలను మాత్రమే చూసి ఊరుకోలేదు. ఆ ఆట మనిషి జీవితంలో దేన్ని పక్కకు నెట్టివేస్తోందో కూడా చూశారు. చదరంగం మొదలుపెట్టిన మనిషి అజాన్ వినగానే లేవగలడా? పావులను అలాగే వదిలి వెళ్ళి, తిరిగి వచ్చి, ఆపిన చోటినుంచి కొనసాగించవచ్చు కదా! లేవనివాడి విషయంలో దోషం ఆటది కాదు, ఆటగాడిది. బల్ల అతన్ని పట్టుకుని ఉంచలేదు.

చదరంగం పట్ల మాకు పక్షపాతం ఉందని దాచము. పేదరికాన్నీ హోదానూ అది లెక్కచేయదు. పంజాబుకు చెందిన మీర్ సుల్తాన్ ఖాన్ ఒక నవాబు ఇంట సేవకుడు. యజమాని వెంట ఇంగ్లండు వెళ్ళి 1929, 1932, 1933లలో బ్రిటిష్ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. మాజీ ప్రపంచ విజేత కాపాబ్లాంకాను హేస్టింగ్స్ పోటీలో ఓడించాడు. ఆయన మరణించిన ఎన్నో ఏళ్ళకు, 2024లో ప్రపంచ చదరంగ సమాఖ్య ఆయనకు గౌరవ గ్రాండ్‌మాస్టర్ బిరుదునిచ్చింది. మన తెలుగు గడ్డ విషయానికొస్తే, కోనేరు హంపి 2002లో పదిహేనేళ్ళ ప్రాయంలో గ్రాండ్‌మాస్టర్ అయింది. 2019లోనూ 2024లోనూ ర్యాపిడ్ విభాగంలో మహిళల ప్రపంచ విజేతగా నిలిచింది. ఆడపిల్లకు బల్ల కొనివ్వడానికి సందేహించే ఇళ్ళవారికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

పాచికల సంగతి

పాచికల ఆటల పట్ల హదీసులో తీవ్రమైన హెచ్చరిక ఉంది. అందుచేత ధర్మవేత్తల్లో అత్యధికులు పందెం లేకపోయినా పాచికల ఆటను వద్దన్నారు. పందెం ఉన్నప్పుడే అది నిషిద్ధమని అభిప్రాయపడినవారు కొందరున్నారు. ఈ విషయంలో తీర్పు చెప్పడం మా పని కాదు. ప్రతి కుటుంబం తాను విశ్వసించే ఆలిమును అడిగి తెలుసుకోవాలి. ఆటల అభిమానులుగా మేము గమనించినది మాత్రం చెబుతాము.

మన పచ్చీసు ఆటను సులభం చేసి ఇంగ్లండులో 1896లో పేటెంటు పొందిన ఆటే లూడో. అక్బరు కట్టించిన ఫతేపూర్ సీక్రీ ప్రాంగణంలో రాతి పలకల మీద పరిచిన పచ్చీసు బల్లను యాత్రికులు నేటికీ చూడవచ్చు. వైకుంఠపాళి కూడా మన దేశంలో పుట్టి పాము–నిచ్చెనల ఆటగా లోకమంతా తిరిగింది. అయితే వైకుంఠపాళిలో ఆడేవారు తీసుకోవలసిన నిర్ణయం ఒక్కటీ లేదు. పాచిక పడుతుంది, కాయ కదులుతుంది, అంతే. లూడోలో నాలుగు కాయల్లో దేన్ని కదపాలన్న ఎంపిక కొంత ఉంది గాని గెలుపోటములను చివరకు పాచికే నిర్ణయిస్తుంది. పెద్దల మధ్య పసివాడు కూడా గెలవగలగడం ఈ ఆటలకున్న ఆకర్షణ. గెలిచినవాడికి తన తెలివి మీద లేని నమ్మకం కలిగించడం వీటి బలహీనత. ఆ నమ్మకానికి డబ్బు తోడైతే జూదం పుడుతుంది. ఫోన్లలో డబ్బు పెట్టి ఆడే లూడోలు ఎందరి జీతాలను మింగాయో పత్రికలు చదివేవారికి చెప్పనక్కరలేదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ పందెపు ఆటలను నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశం మొత్తానికి వర్తించే చట్టం చేసింది. మద్యాన్నీ జూదాన్నీ ఒకే వరుసలో చేర్చి దూరం పెట్టమన్న దివ్య ఖుర్ఆన్ ఆదేశం ఎరిగిన ఇళ్ళలో ఈ విషయమై చర్చకు తావు లేదు.

మొనాపలీ చరిత్ర విచిత్రమైనది. మన బజార్లలో ‘బిజినెస్’ పేరుతో దొరికే ఆటకు అదే మూలం. అమెరికాకు చెందిన ఎలిజబెత్ మాగీ అనే మహిళ 1904లో తన ‘భూస్వామి ఆట’కు పేటెంటు పొందింది. అద్దెల మీద బతికేవారు ఎలా బలుస్తారో, అద్దె కట్టేవారు ఎలా చితికిపోతారో చూపడం ఆమె ఉద్దేశం. 1935లో పార్కర్ బ్రదర్స్ సంస్థ అమ్మకానికి పెట్టిన ఆటలో ఆ హెచ్చరిక మాయమై, ఇతరులను దివాలా తీయించడమే విజయమైంది. మా అభిప్రాయంలో కుటుంబానికి ఇది మంచి ఆట కాదు. ముందుగా దివాలా తీసిన చిన్నబ్బాయి మిగిలిన గంటన్నరసేపు గోడకానుకుని కూర్చోవలసి వస్తుంది. అందరినీ కలపడానికి తెచ్చిన ఆట ఒక్కొక్కరినీ బయటకు పంపడం ఏమి న్యాయం?

పైసా ఖర్చు లేనివి, కొంత ఖర్చున్నవి

పాచిక అవసరం లేని ఆటలు మన పల్లెల్లోనే ఉన్నాయి. పులి–మేకల ఆటకు నేల మీద సుద్దముక్కతో త్రిభుజాకారపు గీతలు గీస్తే చాలు. గీతలు కలిసే స్థానాలు ఇరవైమూడు. ఒకరికి మూడు పులులు, మరొకరికి పదిహేను మేకలు. మేకలను ఒక్కొక్కటిగా పేర్చాలి. అన్నీ పేర్చేవరకు వాటిని కదపరాదు. పులి ఈలోగా కదులుతూ, పక్కనున్న మేక మీదుగా ఖాళీ స్థానంలోకి దూకి దాన్ని చంపుతుంది. పులులన్నీ కదలలేకపోతే మేకలు గెలిచినట్లు. పులికి బలముంది, మేకలకు సంఖ్య ఉంది. ఒంటరిగా నిలిచిన మేక చస్తుందనీ, వెనుక తోడున్న మేకను పులి ఏమీ చేయలేదనీ పిల్లలు రెండు ఆటల్లోనే గ్రహిస్తారు. దీన్ని వివరించడానికి ఉపన్యాసం అవసరం లేదు. కొన్నిచోట్ల దీన్ని ‘పులిజూదం’ అంటారు గాని, పందెం లేకుండా ఆడితే ఇందులో పేరుకు తప్ప జూదం లేదు. వరుసకు ఏడేసి చొప్పున పద్నాలుగు గుంటల్లో చింతగింజలు పంచే వామనగుంటలు కూడా లెక్కా ముందుచూపూ నేర్పే చక్కని ఆట. నానమ్మకూ మనవరాలికీ ఇందులో సమానమైన అవకాశం ఉంటుంది.

క్యారమ్ బోర్డు లేని ముస్లిం వాడ అరుదు. తొమ్మిది తెల్లవి, తొమ్మిది నల్లవి, ఒక ఎర్ర రాణి. ఒక పక్షం తన బిళ్ళలన్నింటినీ ముందుగా గుంటల్లో వేయగానే ఆట ముగుస్తుంది. వీధి అరుగుల మీద అబ్బాయిలకే పరిమితమైపోయిన ఈ ఆటను ఇంట్లోకి తెస్తే అమ్మాయిలు ఎంత బాగా ఆడతారో తెలుస్తుంది. చెన్నైలో ఆటో డ్రైవరు కుమార్తె కాజిమా 2024 నవంబరులో అమెరికాలో జరిగిన ప్రపంచ కప్ పోటీల్లో మూడు బంగారు పతకాలు గెలుచుకుంది. క్యారమ్‌తో ఉన్న చిక్కు బోర్డులో లేదు, అది పెట్టే చోట ఉంది. వీధి కూడలిలో పెడితే పందెమూ తిట్లూ చేరతాయి. అదే బోర్డు నడవాలో పెడితే అమ్మీజాన్ కూడా ఒక స్ట్రైకు కొట్టి వెళుతుంది.

కొత్త బోర్డు గేముల్లో మాకు బాగా నచ్చినది 2008లో వచ్చిన ‘పాండెమిక్’. మాట్ లీకాక్ అనే అమెరికన్ దాన్ని రూపొందించాడు. ఇందులో ఆటగాళ్ళు ఒకరితో ఒకరు పోటీపడరు. లోకమంతా వ్యాపిస్తున్న నాలుగు వ్యాధులకు అందరూ కలిసి మందు కనుగొనాలి. గెలిస్తే అందరూ గెలుస్తారు, ఓడితే అందరూ ఓడతారు. కార్డుల కట్ట అయిపోయేలోగా పని పూర్తికావాలి గనుక సుమారు ముప్పావు గంటలో ఆట తేలిపోతుంది. మన ఊళ్ళలో తేలికగా దొరకదు, ధర కూడా ఎక్కువే. మరొక లోపం ఉంది. ఇంట్లో ఎప్పుడూ ఆజ్ఞలిచే అలవాటున్న పెద్దమనిషి ఆటలోనూ అందరి వంతులూ తానే ఆడేస్తాడు. అటువంటి అబ్బాజాన్ ఉన్న ఇంట్లో, అడిగితే తప్ప సలహా ఇవ్వరాదన్న నియమం ముందే పెట్టుకోవాలి.

వీడియో గేములలో వచ్చిన మార్పు

వీడియో గేములన్నింటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. 1984లో మాస్కోలో అలెక్సీ పాజిత్నోవ్ అనే శాస్త్రవేత్త రూపొందించిన ‘టెట్రిస్’ను చూడండి. ఏడు రకాల ముక్కలు పైనుంచి పడుతుంటే ఖాళీ లేకుండా పేర్చాలి. పోనుపోను వేగం పెరుగుతుంది గనుక ఎంతటి నేర్పరి అయినా ఒకచోట ఓడక తప్పదు. ఆ ఓటమే ముగింపు. 1985 నాటి ‘సూపర్ మారియో’లో ఎనిమిది లోకాలు, ముప్పైరెండు అంచెలు. అవి దాటితే ఆట పూర్తయింది. 1990లలో టీవీకి తగిలించి క్యాసెట్టు పెట్టి ఆడే డబ్బాలు మన ఇళ్ళలోకి వచ్చినప్పుడు అన్నదమ్ములిద్దరూ చెరొక రిమోటు పట్టుకుని పక్కపక్కనే కూర్చునేవారు. ఒకరు ఆడుతుంటే నలుగురు చూసేవారు. 2011లో పూర్తి రూపంలో విడుదలైన ‘మైన్‌క్రాఫ్ట్’లో పిల్లలు గనులు తవ్వి, ఇటుక మీద ఇటుక పేర్చి ఇళ్ళూ ఊళ్ళూ నిర్మిస్తారు. దానికి ముగింపు లేదన్న మాట నిజమే. కాని ఒంటరిగా ఆడుతున్నప్పుడు ఏ క్షణంలోనైనా భద్రపరచి లేవవచ్చు. కట్టిన గోడ రేపటికీ అలాగే ఉంటుంది.

అసలు మార్పు ఆటలో కంటే అమ్మకంలో వచ్చింది. పూర్వం ఆటను ఒకసారి కొనేవారు. డబ్బు అందాక మనం దాన్ని రెండు రోజుల్లో ముగించినా, రెండు నెలలు ఆడినా తయారీదారుకు తేడా లేదు. ఈనాడు ఎక్కువ భాగం ఫోన్ ఆటలు ఉచితం. వాటి ఆదాయం ప్రకటనల నుంచి, ఆట మధ్యలో జరిగే చిన్న చిన్న కొనుగోళ్ళ నుంచి వస్తుంది. అంటే మనం ఆడటం మానిన రోజే వారికి నష్టం మొదలవుతుంది. అందుకే ఆ ఆటలు ముగియవు. రోజూ తెరిస్తే బహుమతి, ఒక్కరోజు మానితే వరుస తెగిపోతుందన్న బెదిరింపు, లోపల ఏముందో తెలియని అదృష్టపు పెట్టెలు. డబ్బు చెల్లించి తెరిచే అటువంటి పెట్టెలు జూదమేనని బెల్జియం ప్రభుత్వ అధికారులు 2018లో తేల్చారు. ఉచితంగా వచ్చిన ఆటలో అమ్ముడవుతున్నది పిల్లవాడి సమయమేనని తల్లిదండ్రులు గుర్తించాలి.

ఇక పబ్జీ సంగతి. మన దేశంలో 2020 సెప్టెంబరులో అది నిషేధానికి గురైంది. 2021లో వేరే పేరుతో భారతీయ రూపం తిరిగి వచ్చింది. సుమారు వందమంది ఒక దీవి మీద దిగి, చివరికి ఒక్కరు లేదా ఒక్క జట్టు మిగిలేవరకు పోరాడతారు. తుపాకుల గురించి తల్లిదండ్రులు ఆందోళన చెందడం సహజం. మాకు అంతకంటే ఎక్కువ ఆందోళన కలిగించేది మరొకటి. ఈ ఆటను మధ్యలో నిలిపి ఉంచడం సాధ్యం కాదు. చివరిదాకా నిలిచిన మ్యాచ్ సుమారు అరగంట సాగుతుంది. మగ్రిబ్ అజాన్ వినిపించినప్పుడు చదరంగపు బల్ల ఎదురుచూస్తుంది, ఈ ఆట ఎదురుచూడదు. లేస్తే చనిపోవడమే గాక, జట్టులోని ముగ్గురు స్నేహితులను నడిమధ్యలో వదిలేసినట్లవుతుంది.

ఈ సంగతి తెలియక ఎన్నో ఇళ్ళలో అనవసరపు రగడ జరుగుతోంది. తల్లి భోజనానికి పిలుస్తుంది. “ఒక్క నిమిషం అమ్మీ” అంటాడు కొడుకు. ఆ నిమిషం ఇరవై నిమిషాలవుతుంది. అమ్మకు అది తలపొగరుగా కనిపిస్తుంది. అతనికి అది స్నేహధర్మంగా కనిపిస్తుంది. నిమిషాల లెక్కన అనుమతి ఇవ్వడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ఇటువంటి ఆటకు మ్యాచుల లెక్కన అనుమతి ఇవ్వాలి. “అసర్ తర్వాత ఒక్క మ్యాచ్, అది కాగానే ఫోను బల్ల మీద పెట్టాలి. మగ్రిబ్‌కు ముప్పావు గంట లోపు కొత్తది మొదలుపెట్టరాదు” అంటే మాట స్పష్టంగా ఉంటుంది. పిల్లవాడు పాటించగలుగుతాడు. పాటించకపోతే అప్పుడు మందలించడానికి న్యాయమైన కారణమూ ఉంటుంది.

ప్రతి ఆటగాడినీ రోగిగా చూడటం కూడా తగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో ‘గేమింగ్ రుగ్మత’ను చేర్చిన మాట వాస్తవం. ఆ వర్గీకరణ 2022 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. అయితే అందులో రోజుకు ఇన్ని గంటలు ఆడితే రోగమన్న లెక్క లేదు. ఆట మీద అదుపు కోల్పోవడం, తక్కిన పనులన్నింటికంటే ఆటే ముఖ్యం కావడం, చదువూ ఇల్లూ దెబ్బతింటున్నా ఆపలేకపోవడం, ఇది సాధారణంగా ఒక ఏడాదిపాటు కొనసాగడం అనే లక్షణాలను అది పేర్కొంది. అటువంటి స్థితి కనిపిస్తే మందలింపు సరిపోదు, వైద్యుని సలహా కావాలి. మిగిలినవారి విషయంలో కావలసింది ఒక హద్దు.

టెలివిజన్: వారానికొకటి నుంచి తెల్లవార్లూ

పిల్లల ఫోన్ల గురించి మాట్లాడేటప్పుడు పెద్దల టీవీని మరచిపోవడం న్యాయం కాదు. దూరదర్శన్‌లో 1984 జూలైలో మొదలైన ‘హమ్ లోగ్’ మరుసటి ఏడాది డిసెంబరులో ముగిసింది. ప్రతి భాగం చివర అశోక్ కుమార్ తెరమీదికి వచ్చి ఆనాటి కథ గురించి నాలుగు మాటలు చెప్పి వీడ్కోలు పలికేవారు. కథ ఆగిందని ఒక పెద్దమనిషే స్వయంగా చెప్పేవాడన్నమాట. చూసినవారు టీవీ కట్టేసి, కథలోని కుటుంబం గురించి తమలో తాము మాట్లాడుకునేవారు.

ఉర్దూ మాట్లాడే మన ఇళ్ళలో పాకిస్తానీ నాటకాలకు ఆదరణ ఉంది. హసీనా మొయిన్ రచించిన ‘తన్‌హాయియాఁ’ 1980ల మధ్యలో వచ్చింది. తల్లిదండ్రులను కోల్పోయిన ఇద్దరు అక్కాచెల్లెళ్ళ కథ అది. మొత్తం పదమూడు భాగాలు. ఆమె రాసినదే ‘ధూప్ కినారే’. 2014లో ఒక భారతీయ ఛానెల్‌లో ప్రసారమై ఇక్కడ ఎందరినో ఆకట్టుకున్న ‘జిందగీ గుల్జార్ హై’ ఇరవైఆరు భాగాలతో ముగిసింది. వీటి మీద భిన్నాభిప్రాయాలుండవచ్చు. కాని రచయిత్రికి చెప్పవలసిన కథ ఉంది, అది చెప్పాక ఆపింది. రోజువారీ సీరియల్‌లో వేయి భాగాలు దాటడం మామూలైపోయింది. అందులో కథ ముగియకుండా చూడటమే రచయిత వృత్తిధర్మం. అత్తాకోడళ్ళు రాజీపడితే సీరియల్ ఆగిపోతుంది, అందుకే వారు రాజీపడరు. రోజుకు అరగంట చొప్పున ఏళ్ళ తరబడి ఆ రాజీపడనితనాన్ని చూసిన కళ్ళకు, ఇంట్లో కోడలి మౌనంలో కూడా కుట్ర కనిపించడం మొదలవుతుంది.

తుర్కియే నుంచి వచ్చిన ‘ఎర్తుగ్రుల్’ గురించి కూడా ఒక మాట. 2014 నుంచి 2019 వరకు అయిదు సీజన్లుగా వచ్చిన ఈ ధారావాహిక ఉర్దూ అనువాదంతో మన ఇళ్ళలోకీ ప్రవేశించింది. గుర్రాలు, గుడారాలు, పెద్దల పట్ల గౌరవం, కష్టకాలంలో దైవం మీద భరోసా చక్కగా చిత్రించారు. ముగింపు కూడా ఉంది. అయితే ప్రతి సీజన్‌లోనూ గుడారంలోనే ఒక ద్రోహి పుట్టుకురావడం మాకు విసుగనిపించింది. అంతకంటే ముఖ్యమైన సంగతి, చారిత్రక ఎర్తుగ్రుల్ గురించి మనకు నిక్కచ్చిగా తెలిసినది చాలా స్వల్పం. తెర మీద కనిపించేదంతా దాదాపు రచయితల కల్పనే. ఆ సంగతి పక్కన కూర్చుని పిల్లలకు చెప్పకపోతే వారు దాన్నే చరిత్రగా నమ్ముతారు.

ఇప్పుడు సీరియల్ కోసం రేపటిదాకా ఆగవలసిన పని కూడా లేదు. ఒక భాగం కాగానే తర్వాతి భాగం దానంతటదే మొదలవుతుంది. నెట్‌ఫ్లిక్స్ సంస్థ 2012లో ఈ పద్ధతిని ప్రవేశపెట్టింది. తమకు అసలైన పోటీదారు ప్రేక్షకుల నిద్రేనన్న భావాన్ని 2017లో దాని అధిపతి రీడ్ హేస్టింగ్స్ బహిరంగంగానే వెలిబుచ్చారు. నిద్రతో పోటీ అంటే ఫజ్ర్ నమాజుతో పోటీ అని మన ఇళ్ళవారు వేరే అర్థం చెప్పుకోనక్కరలేదు. సెట్టింగులలో ఆ సదుపాయాన్ని తొలగించే వీలు ఉంది. అది రెండు నిమిషాల పని. తర్వాతి భాగం చూడాలో వద్దో అప్పుడు తెర కాక మనిషి నిర్ణయిస్తాడు.

ఇంట్లో చేయదగినవి

ఏ ఆటనైనా, ఏ కార్యక్రమాన్నైనా ఇంట్లోకి రానిచ్చే ముందు మేము మూడు సంగతులు చూస్తాము. దానంతటదిగా ముగుస్తుందా? ముగియకపోతే, పిలుపు వచ్చినప్పుడు నష్టం లేకుండా వదిలి లేవవచ్చా? మనం దాన్ని ఎక్కువసేపు ఆడితే ఎవరి జేబు నిండుతుంది? మొదటి రెండింటికి ‘అవును’ అన్న జవాబు వస్తే చాలావరకు భయం లేదు. రెండింటికీ ‘కాదు’ అని వచ్చి, మూడవదానికి ఒక కంపెనీ పేరు వస్తే, అందులో తుపాకి లేకపోయినా అప్రమత్తంగా ఉండాలి.

ఈ కొలత పిల్లలకే పరిమితమైతే ఫలితముండదు. రాత్రి భోజనం కాగానే తండ్రి పక్కకు తిరిగి రీల్స్ చూస్తూ, తల్లి సీరియల్‌లో మునిగి ఉంటే, ఫోను పెట్టేయమన్న మాట కొడుకు చెవికెక్కదు. పని ఒత్తిడి ఉన్న ఇళ్ళలో రోజూ ఆటకు కూర్చోవడం కుదరదని మాకు తెలుసు. ఉదయం నుంచి వంటగదిలోనే గడిపిన ఇల్లాలిని ఇప్పుడు ఆటకు కూడా రమ్మంటే అది ఆమెకు మరొక పని అవుతుంది. కనుక వారంలో ఒక్క సాయంత్రం చాలు. ఆ సాయంత్రం అంట్లు అబ్బాయిలు కడగాలి, చాయ్ అబ్బాజాన్ పెట్టాలి. నేల మీద సుద్దతో పులి–మేకల గీతలు గీయాలి. పులులకు మూడు చింతగింజలు, మేకలకు పదిహేను చిక్కుడు గింజలు సరిపోతాయి. ఇంట్లో అందరికంటే చిన్నవారికి పులులనివ్వండి. మేకలను కాయడం పెద్దలు నేర్చుకోవలసిన విద్య.

మొదటి మేకను పెట్టే ముందు, “ఎన్ని ఆటలు ఆడదాం?” అని పిల్లలనే అడగండి. వారు రెండు అంటే రెండే ఆడండి. మూడవదానికి వారు ఎంత బతిమాలినా, ఎంత ఉత్సాహంగా ఉన్నా, “మళ్ళీ జుమా నాడు” అని గింజలు డబ్బాలో పోసి మూత పెట్టండి.